అరవై నిండేదాకా

"రిటైర్మెంట్ ఎప్పుడు సార్?" బ్యాంకు ఆఫీసరు కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"నలభై అయిదుకి," అన్నాడు చక్రవడ్డీ, కాలరు సర్దుకుంటూ.

పక్క కుర్చీలో ఉన్న భార్య నుదురు కొట్టుకుంది. పైపుల కంపెనీ స్టోర్స్‌లో పనిచేసే అతనికి ఆ పేరు ఊరికే పెట్టలేదు. క్యాంటీన్లో దొరికినవాణ్ణి దొరికినట్టు కూర్చోబెట్టి వడ్డీ మీద వడ్డీ మహిమ వాయించేస్తాడు.

"ఇప్పుడు మీకెన్నేళ్ళు?"

"నలభై రెండు. అప్పటికి కూడబెట్టాల్సిన కార్పస్, ద్రవ్యోల్బణం, అన్నీ లెక్క కట్టేశానండీ. దీన్నే ఎర్లీ రిటైర్మెంట్ అంటారు."

"తెలుసండీ. టెన్యూర్ అంటే ఏంటో తెలుసా?"

"అప్పు తీర్చే గడువు. మీరు ఎంత ఎక్కువిస్తే అంత రాసుకోండి."

"మీ రిటైర్మెంట్ దాకానే ఇస్తాం. జీతం ఆగిపోయాక వాయిదా ఎక్కణ్ణుంచి కడతారు? అంటే మూడేళ్ళు. మీరడిగిన ఇంటి అప్పేమో ఆరేళ్ళ జీతమంత. నెల వాయిదా మీ జీతానికి రెట్టింపు దాటుతుంది."

చక్రవడ్డీ వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. పెళ్ళయ్యాక అతని లెక్క తప్పడం ఇదే మొదటిసారి.

"ఈయన వేళాకోళానికన్నారండీ," అంది భార్య. "అరవై దాకా చేస్తారు. కావాలంటే ఆ తర్వాత కూడా."

"నేనెప్పుడు..." బల్ల కింద ఆవిడ అతని కాలు తొక్కింది. "...అవునండీ."

"ఏదో ఒకటే చెప్పండి సార్. అరవై దాకా ఉంటారని మీ కంపెనీ ఉత్తరమిస్తే మారుస్తాను."

బయటికొచ్చాక భార్య ఆగింది. "ఇల్లుగలావిడ నెలాఖరుకి ఖాళీ చెయ్యమంది. గుర్తుందా?"

"ఉంది. కానీ మంగళవారం మధ్యాహ్నం ఇంట్లో ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూడాలనుందే."

"చూడ్డానికి ముందు ఇల్లుండాలి కదా!"

అతని మొహం చూసి ఆవిడకి జాలేసింది. అయినా ఆటో ఎక్కించి ఆఫీసుకే పంపింది.

మేనేజరు గదిలో చక్రవడ్డీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఈ కంపెనీయే నా ప్రాణం సార్. అరవై నిండేదాకా ఉంటానని ఒక్క ఉత్తరం ఇప్పించండి. ఇంట్లో కూర్చుంటే నాకు ఊపిరాడదు."

మేనేజరు కళ్ళద్దాలు తీశాడు. "నలభై అయిదుకే మానేస్తానని క్యాంటీన్లో అంటుంటావట?"

"వేళాకోళం సార్."

"నిజంగా?"

"మా ఆవిడ మీద ఒట్టు సార్."

మేనేజరు మరో మాట లేకుండా ఉత్తరం టైపు చేయించి, సంతకం పెట్టి, ముద్ర కూడా కొట్టాడు. తర్వాత ఫోనెత్తాడు. "సార్, మా స్టోర్స్ ఆయన పేరు ఆ లిస్టులోంచి తీసెయ్యండి. ఒట్టేసి మరీ ఉంటానంటున్నాడు. ఆ... పక్క సీటాయన పేరు రాసుకోండి."

చక్రవడ్డీ బల్ల మీది ఉత్తరాన్ని గబుక్కున జేబులో పెట్టుకున్నాడు. ఉద్యోగాలు పీకే లిస్టన్నమాట! వెంట్రుకవాసిలో తప్పింది. ఇవాళ ఈ గదిలోకి రాకపోయుంటే ఇల్లూ లేదు, ఉద్యోగమూ లేదు. పాపం, పక్క సీటాయనకి ఇద్దరు పిల్లలు.

"మీ మేలు ఈ జన్మలో మరిచిపోను సార్," అని చేతులు జోడించాడు. కళ్ళు నిజంగానే చెమర్చాయి.

"మేలేముందయ్యా, క్యాంటీన్ మాటలు నమ్మి నేనే పొరపడ్డాను," అన్నాడు మేనేజరు. "పైవాళ్ళని బతిమాలి మరీ మొదటి పేరు నీదే రాయించాను. ఎనిమిదేళ్ళ జీతం ఒక్కసారే చేతిలో పెట్టి, రేపట్నుంచి హాయిగా ఇంట్లో కూర్చోమంటే కాదనేవాడుంటాడని నాకేం తెలుసు?"