సుక్మా టైర్ల సేఠ్

"ఈ టైర్లు నేనెక్కించను."

ఆ మాటతో మాసాకు ఒళ్లు మండింది.

"ఎందుకెక్కియ్యవ్? నా టైర్లు, నా జీపు. ఎక్కిచ్చినందుకు పైసలిస్త గదా!"

సుక్మా బస్టాండు దగ్గర టైర్ల దుకాణం. మిట్టమధ్యాహ్నం. బయట మాసా పాత జీపు, అందులో అతని భార్య ముయె. నిండు చూలాలు. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. రేపు పొద్దున్నే జగదల్‌పూర్ ఆసుపత్రిలో ఆపరేషన్. అంత దూరం ఎందుకు పోవాలో అడగాల్సిందే, కానీ అది వేరే కొట్లాట. ముందు వంద కిలోమీటర్లు పోవాలి. దర్భా ఘాటు, ఆ కొండదారి మలుపులు, ఎక్కాలి.

జీపు టైర్లు అరిగి గుండు కొట్టించుకున్నట్టున్నాయి. అందుకే మాసా ఫోన్లో నాలుగు టైర్లు కొన్నాడు. దుకాణం ధర కన్నా ఒక్కోదానికి ఎనిమిది వందలు తక్కువ. కిరాయి జీపు తోలేవాడికి అది దురాశ కాదు, నెల బియ్యం.

పార్సెల్ బండ్లు అడవి ఊళ్లలోకి రావు. ఊళ్ల జనం సుక్మాలో ఏదో ఒక దుకాణం అడ్రస్ రాసేస్తారు. మాసా ఏకంగా ఈ టైర్ల దుకాణం అడ్రస్సే రాశాడు. ఎక్కించేది ఎలాగూ ఇక్కడే కదా అనుకున్నాడు. దుకాణం వాణ్ణి అడగనైనా లేదు. టైర్లు ఈ పొద్దే వచ్చి దుకాణం ముందు దిగాయి.

గల్లా దగ్గరున్న నెరిసిన మీసాల మనిషి నవ్వాడు.

"హోటలుకి కేరేజీ తెచ్చుకుని వడ్డించమన్నట్టుంది నీ యవ్వారం. ఇలా రా. ఈ నాలుగంకెలు చూడు. ఇరవై రెండు, పద్దెనిమిది. అంటే రెండువేల పద్దెనిమిదిలో, ఇరవై రెండో వారంలో పుట్టిందిది. గోడౌన్లో పడుండి ఎండిపోయింది."

బొటనవేలితో నొక్కాడు. రబ్బరు మీద సన్నటి పగుళ్లు విచ్చుకున్నాయి.

"కొత్తయే గదా! ఒక్క కిలోమీటరు తిరగలే!"

"పెళ్లి కానంత మాత్రాన ముసలోడు కుర్రోడయిపోతాడేటి?"

జీపులోంచి ముయె కిసుక్కున నవ్వింది. మాసాకు ఇంకా మండింది.

"నాకెర్కలేదా సేఠ్! నీ సరుకు అమ్ముకోనీకి నా సరుకుకు వంక పెడ్తున్నవ్. మా బామ్మర్ది ఫోన్లనే కొన్నడు. రెండేండ్లు నడిచినయ్."

'సేఠ్' అన్నందుకు ఆ మనిషి మీసాల్లోనే నవ్వుకున్నాడు.

"మంచివొస్తే నడుస్తాయి. ఫోనయితే ఏటి, దుకాణమయితే ఏటి? అంకె చూసుకుని తీసుకోవాలి. నీకొచ్చినవి మాత్రం చచ్చినవి. ఘాటు మలుపులో పేలితే నీ ఫోన్ ఎవడెత్తుతాడు?"

"నీతో ముచ్చటేంది? ఇంకో దుకాణం చూస్కుంట!"

మాసా ఒక టైరు భుజానికెత్తాడు. ముయె జీపులోంచి తల బయటపెట్టింది.

"ఏందయ్యా నీ లొల్లి? పేల్తే పోయేది నువ్వొక్కనివేనా? ముగ్గురం."

మాసా టైరు కింద పెట్టాడు.

"వాపస్ కొట్టు," అన్నాడు ఆ మనిషి. "కారణం దగ్గర 'పాత సరుకు' అని రాయి. నా ముందే రాయి."

"నీ బేరమైతే కుదిరె. ఇగ సంబరమే నీకు," అని సణుగుతూ మాసా ఫోన్లో వాపస్ నొక్కాడు.

ఆ మనిషి లోపలికి నడిచాడు. దుకాణంలోంచి నాలుగు టైర్లు దొర్లించుకొచ్చాడు. అంకెలు చూపించాడు. పుట్టి మూడు నెలలైంది. చొక్కా విప్పి, జాకీ పెట్టి, రాడ్లతో పెకలించి, చెమటలు కక్కుతూ తానే ఎక్కించాడు. అరవై ఏళ్లుంటాయి. ఎక్కించిన కూలి వద్దన్నాడు.

"చంటిదానికి గౌను కొను."

"టైరుకు ఎన్మిది వందలు గుంజి, గౌనిస్తడంట!"

మాసా గోడ మీది క్యూఆర్ కోడ్‌కు టైర్ల డబ్బు కొట్టి, జీపెక్కి పోయాడు. దండం కూడా పెట్టలేదు.

ఘాటులో వాన పట్టుకుంది. మూడో మలుపులో పైనుంచి లారీ అడ్డదిడ్డంగా దిగింది. మాసా జీపును అంచుకు తిప్పి, బ్రేకు మీద నిలబడ్డాడు. నాలుగు టైర్లూ బురదను గోళ్లతో పట్టుకున్నట్టు పట్టుకున్నాయి. పక్కన లోయ. ముయె చెయ్యి అతని భుజం మీద బిగుసుకుంది.

మర్నాడు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

ఇక మాసా నోట ఒకటే పాట. "సుక్మా టైర్ల సేఠ్ లేకుంటే మేం లేము." జీపెక్కిన ప్రతివాడికీ చెప్పాడు. దోర్నపాల్ సంతలో చెప్పాడు. సరుకు అమ్ముకోవడానికే వంక పెడుతున్నాడన్న నోటితోనే పది మంది డ్రైవర్లను ఆ దుకాణానికి పంపాడు.

నెల తిరగ్గానే భార్యనూ బిడ్డనూ తీసుకుని, ముయె చేసిన ఇప్పపూల లడ్డూలతో సుక్మా వెళ్లాడు. గల్లా దగ్గర ఎవరో బక్కపలచని మనిషి ఉన్నాడు.

"సేఠ్ ఏడి?"

"నేనే. ముకేష్. దుకాణం నాదే. చెప్పు భాయ్."

"నువ్వు కాదు. నెరిసిన మీసాలాయన. నా జీపుకు టైర్లెక్కిచ్చిండు."

ముకేష్ లేచి ముయెకు స్టూలు వేశాడు.

"పాల్ అన్న. ఇగ రాడు. సరుకు వాపస్ కొట్టిస్తుండని పోయిన వారమే పనిలకెల్లి తీసేసిండ్రు."

మాసా గొంతు లేచింది. "అంత మంచోన్ని తీసేస్తవా? నీ దుకాణం నిలబెట్టిండు గదా!"

"నేనెట్ల తీస్త భాయ్? ఆయన నా మనిషే కాదు. ఆ రోజు నేను అన్నానికి పోతూ, జర గల్లా చూస్తుండమని కూసోబెట్టిన. ఆయన నీ ఆన్‌లైన్ టైర్లు మోసుకొచ్చిన పార్సెల్ బండి డ్రైవర్."