గుండిగలకు పేర్లొచ్చిన రోజు

రామచంద్రపురంలోని ఆ పెళ్ళివంటల కేంద్రంలో ఏ గుండిగ వేడి ఎంతో ఆ గుండిగే తెరకు చెప్పుకుంటుంది. వంట పూర్తయితే డ్రోనెక్కి పెళ్ళివారింటికి ఎగిరిపోతుంది. చిక్కల్లా తెర మీద గుండిగల అంకెలు తప్ప మరేమీ కనిపించకపోవడమే. మొన్న "214 వేడెక్కింది" అని అది మొత్తుకుంటే, ఎవరిదోనని వంటవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకునేలోగా సాంబారు మాడిపోయింది. పెళ్ళివారు మజ్జిగతో సరిపెట్టుకున్నారు.

తెర చూసే మంగతాయారుకు ప్రాణం చివుక్కుమంది. ఏ అంకె ఏ వంటకమో, ఏ పెళ్ళికో, ఎవరు వండుతున్నారో పట్టిక రాసి తెరకు జతచేసింది.

ఈ ఉదయం తెర మళ్ళీ ఎర్రబడింది. "మండపేట పెళ్ళి. పరమాన్నం. భద్రయ్య. అడుగంటబోతోంది!"

భద్రయ్య గరిటె పట్టుకుని పరుగెత్తాడు. మంట తగ్గించి, కలియబెట్టి, రుచి చూశాడు. పరమాన్నం నిక్షేపంలా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం మూతి ముడుచుకుని మంగతాయారు దగ్గరకొచ్చాడు.

"పరమాన్నం దక్కింది, సంతోషమేనమ్మా. మరి ఇంత వయసొచ్చినోణ్ణి, నా పేరు పక్కన 'గారు' ఏదీ?"

ఆమె నాలిక్కరుచుకుంది. "తప్పయిపోయింది బాబాయ్ గారూ!" అంటూ పట్టికలో చేర్చింది.

తలెత్తి చూసేసరికి మిగతా వంటవాళ్ళంతా గరిటెలతో వరుసలో నిలబడి ఉన్నారు.