చప్పుడుకు పేరు

కొత్త కాపురానికి నారాయణఖేడ్ బస్ డిపో వెనక దొరికిన ఆ చిన్న ఇల్లంటే వినోదకు ప్రాణం. కానీ పాలు పొంగించిన రోజు తీసిన వీడియోలో ఎవరిదో ఆడగొంతు ఉందని, ఇల్లు ఖాళీ చేయాల్సిందేనని అత్త సంగమ్మ పట్టుబట్టింది.

"చప్పుడు ఎవరిదో తేల్చకుండనే దయ్యమంటే ఎట్ల?" అంది ఫిజిక్స్ చదివిన వినోద. ఆ రాత్రి తలుపులు మూసి, ఫ్యాను, ట్యూబ్‌లైటు ఆపి ఫోనులో రికార్డింగు పెట్టింది. తర్వాత అనుమానం రాకుండా, చప్పుడు చేసినవాళ్లు వెంటనే చెప్పాలని నియమం.

"దగ్గింది నేను, శివరాజ్. దయ్యమమ్మా, యాదిపెట్టుకో," అన్నాడు ఆమె మొగుడు.

"నవ్వింది నేను, వినోద."

తర్వాత వింటే, ఆ నవ్వు వెనకే సన్నగా గాజుల గలగల.

"చెప్పుడు మర్చిపోయినవ్," అన్నాడు శివరాజ్.

"నేను కదల్లేదు. గాజులు తీసి మళ్ల చూద్దాం."

"కొత్త పెళ్లికూతురువి, ఒట్టి చేతులతోనా? మా అమ్మ చూస్తే నన్ను సంపుతది!"

"నువ్వు నోరు మూస్కో ముందు."

గాజులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, మళ్లీ రికార్డింగు పెట్టింది. అనుమానమంతా మొగుడి మీదే. చీకట్లో అతని నోటిని అరచేత్తో గట్టిగా అదిమి పట్టింది. ఇద్దరూ కిక్కురుమనలేదు.

మళ్లీ విన్నారు. చాలాసేపు నిశ్శబ్దం. వినోద గెలిచినట్టు నవ్వబోయింది. అంతలో ఫోనులో గాజులు గలగలలాడాయి. వెంటనే ఒక ఆడగొంతు, నియమం తప్పకుండా, మెల్లగా చెప్పింది.

"గాజులు నావి."

శివరాజ్ బీరువా వైపు చూశాడు. తాళంచెవి వినోద పిడికిట్లోనే ఉంది. ఆమె పిడికిలి విప్పలేదు.