ఏసమ్మ రోకటిపోటు

ఆళ్లగడ్డలో ఇంట్లోనే ల్యాప్‌టాప్ మీద హిప్‌హాప్ బీట్లు చేసే బెన్నీకి ఒకటే బాధ. ఎన్ని డ్రమ్ములు కలిపినా, స్పీకరు బాక్సులో పెట్టి వింటే ఖాళీ డబ్బా కొట్టినట్టే మోగుతోంది. నంద్యాల కాలేజీలో పోటీ రేపే.

వసారాలో అవ్వ ఏసమ్మ రోట్లో మిరపకాయలు దంచుతోంది. ప్రతి పోటుకీ నేల అదురుతోంది. బెన్నీ తుమ్ముకుంటూనే వెళ్లి ఆ చప్పుడు ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. డ్రమ్ముల కింద దాన్ని పరిచేసరికి బీటు కడుపునిండా తిన్నట్టు నిండుగా పలికింది.

కానీ పోటుపోటుకీ అవ్వ గొంతు కూడా వినబడుతోంది. "ప్రభువా, ఆ బాక్సు నోరు మూయించు!"

"ఏందవ్వా, నా బాక్సు మీద ప్రార్థన చేస్తాండావా?"

"మూడేండ్ల నుంచి చేస్తాండా. ఆయన ఇనడంల్యా."

ప్రార్థన లేకుండా దంచమంటే చేయి లేవదంది. చేసేదిలేక బెన్నీ ఆ గొంతు అలాగే ఉంచేశాడు.

మరునాడు నంద్యాలలో అవ్వను ముందు వరుసలో కూర్చోబెట్టి బీటు వదిలాడు. రెండు నిమిషాల్లో హాలు హాలంతా లేచి నిలబడి, ఆమె గొంతుతో కలిసి అరిచింది. "ప్రభువా, ఆ బాక్సు నోరు మూయించు!"

వేదిక మీద ఏదో టప్‌మని పేలింది. పొగ లేచింది. బాక్సులన్నీ మూగబోయాయి.

బెన్నీ తల పట్టుకుని అవ్వ వైపు చూశాడు. ఏసమ్మ కొంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది.

"ఆమెన్! నేనొక్కదాన్నే అడిగితే ఇనలేదు గానీ, ఇంతమంది అడిగితే ఇయ్యక యాడికి పోతాడప్పా!"