మూడు నెలలకోసారి

బూన్ లే పేటలోని ఒక మెకానిక్ షెడ్డులో రెండు ఎయిర్ ఫిల్టర్ల మధ్య తేల్చుకోలేకపోతున్నాను. నూనె రాసినదైతే నా స్పోర్ట్స్ కారు ఇంకా జోరుగా లాగుతుందట.

"కాగితందే పెట్టించండి సార్. సన్న దుమ్ము కూడా లోపలికెళ్లదు," అన్నాడు ఏసుబాబు, దగ్గుతూ. మా షిప్‌యార్డులో ఓడల తుప్పు వదలగొట్టే మనిషి. ఈ దేశానికి రాకముందు ఊళ్లో మెకానిక్‌గా చేశాడని సాయంగా తీసుకొచ్చాను.

"ఎన్నాళ్లకు మార్చాలి?"

"నల్లబడగానేనండి. మా మాస్కుల ఫిల్టర్లూ అలాగే మార్చేవారు. కొత్త కంప్యూటరొచ్చాక, ఎంత నల్లబడినా మూడు నెలలకోసారేనంటున్నారు. మీరు కంప్యూటర్ సెక్షనే కదండీ, కాస్త చెప్పి చూడరాదూ?"

అతని మొహం చూడకుండానే "చూస్తాలే" అన్నాను. కాగితం ఫిల్టరే కొన్నాను.

ఆ కంప్యూటర్లో మూడు నెలలని రాసింది నేనే.