ముందు దిగి నడిచి చూడు

“దిగు. ముందు దిగి నడిచి చూడు.”

ఎండిన ఏటి గట్టున, జీపుకు అడ్డంగా చెయ్యెత్తి నిలబడ్డాడో ముసలాయన. చేతిలో కర్ర, భుజం మీద రెండు గోనె సంచులు.

డ్రైవరుకు మామూలుగానే కోపం ముక్కు మీద ఉంటుంది. ఇవాళ అది నెత్తికెక్కి కూర్చుంది. వెనక సీట్లో బావ ఒరిగిపోయి ఉన్నాడు. క్వారీలో బండ దొర్లి తొడ మీద పడింది. అక్క దుప్పటి చించి ఎంత బిగించి కట్టినా రక్తం ఆగడం లేదు. ఆసుపత్రి ఏటికి అవతల గంట దూరం. కొండ చుట్టుదారిన పోతే నాలుగు గంటలు. అంతసేపు బావ ఆగేలా లేడు.

“అడ్డం లేవయ్యా! ఇక్కడ మనిషి పోయేలా ఉన్నాడు!”

“అందుకే చెబుతున్నా బాబూ. ఎగువన వాన పడింది, ఇసుక మెత్తబడింది. నీ కాలు దిగబడిన చోట నీ చక్రమూ దిగబడుతుంది. నడిచి చూసుకో. టైర్లలో గాలి సగం తీసెయ్, వెడల్పుగా పరుచుకుని ఇసుకలో దిగబడవు. అప్పుడు పోనియ్.”

“గాలి తియ్యాలా? ఎవరే అక్కా ఈ పెద్దమనిషి?”

“క్వారీలో అందరూ స్పీడ్ బ్రేకర్ అంటారు. ప్రతి బండినీ ఆపుతాడు.” అక్క గొంతు అదోలా పలికింది. “ఆయన చెప్పినట్టు చెయ్యరా తమ్ముడూ.”

వింటేగా!

పట్నంలో పదేళ్లుగా జీపు తోలుతున్నవాడికి దారిన పోయే ముసలాయన పాఠాలు చెప్పడమా? పైగా ఈ ఏరంటేనే అతనికి ఒళ్లు మంట. వాళ్ల నాన్న ప్రాణం పోయింది ఇక్కడే. అప్పుడతనికి ఐదేళ్లు. నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్తున్న క్వారీ జీపు ఈ ఇసుకలో దిగబడి, సాయంత్రం దాకా కదల్లేదు. ఆ డ్రైవరు బెదిరిపోయి నత్తనడక నడిపాడనీ, అందుకే బండి కూరుకుపోయిందనీ ఎవరో అనగా విన్నాడు. వాడెవడో దొరికితే నమిలి మింగెయ్యాలని అప్పటి నుంచీ కసి. అక్కను చూడ్డానికి వచ్చినప్పుడు కూడా ఏటి ముఖం చూడకుండా చుట్టుదారినే వచ్చాడు.

యాక్సిలరేటర్ తొక్కాడు. ముసలాయన పక్కకు దూకకపోతే చక్రాల కింద పడేవాడే.

జీపు రయ్యిన ఏట్లోకి దూకింది. నలభై గజాలు పోయిందో లేదో, చతికిలబడింది.

తొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగి ఇసుక చిమ్మాయి.

ఇంకా తొక్కాడు. బండి ఇరుసు దాకా దిగింది.

“తొక్కకు! నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావ్!”

ముసలాయన పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే ముందు చక్రం దగ్గర కూర్చుని గాలి వదిలేశాడు. టైరు బుస్సుమంది.

డ్రైవరు ఒక్క గెంతులో కిందికి దిగాడు. ముసలాయన చెంప ఛెళ్లుమంది.

“నా టైర్లే దొరికాయా నీకు? మా నాన్న చచ్చింది ఈ ఇసుకలోనే! బండి తోలడం చేతకాని ఒక వెధవ చేతిలో పడి చచ్చాడు! ఇప్పుడు మా బావను నువ్వు చంపుతావా?”

ముసలాయన చెంప కూడా తడుముకోలేదు. తలెత్తి అక్క ముఖంలోకి చూశాడు. అక్క తల దించుకుంది.

ఆయన మళ్లీ చక్రం వైపు వంగాడు.

“ఇంకోటి కొడుదువుగాని,” అన్నాడు. “ముందు ఇసుక తియ్యి బాబూ.”

నాలుగు టైర్లలోనూ గాలి సగానికి తగ్గించాడు. రెండు చేతులతో ఇసుక తోడాడు. గోళ్లు చిట్లి నెత్తురు కారుతున్నా ఆగలేదు. చక్రాల ముందు గోనె సంచులు పరిచాడు. కర్రతో పొడిచి చూసుకుంటూ, గట్టి నేల వెతుక్కుంటూ ముందు నడిచాడు.

“సెకండ్ గేర్. మెల్లగా. బ్రేకు జోలికి పోకు. నా అడుగుల్లోనే రా.”

డ్రైవరు పళ్లు నూరుతూనే ఆ అడుగుల వెంట నడిపాడు. బండి ఒక్కసారి మూలిగి, లేచి, మెల్లగా అవతలి గట్టెక్కింది.

“తారురోడ్డు దాకా ఇలాగే నిదానంగా పో. అక్కడ పంక్చర్ షాపులో గాలి పట్టించు.”

“మళ్లీ కనబడు, నీ పని చెబుతా!” అని అరిచి వెళ్లిపోయాడు డ్రైవరు.

బావ బతికాడు. కాలు కూడా దక్కింది.

“ఆ ఏరు దాటించి ఇంత త్వరగా తెచ్చావంటే నువ్వు గట్టి డ్రైవరువేనయ్యా!” అంటూ డాక్టరు భుజం తట్టాడు.

డ్రైవరుకు తల కొట్టేసినట్టయింది.

తొమ్మిదో రోజు, బట్టలు తీసుకెళ్దామని అక్కతో వెనక్కి వచ్చాడు. గట్టు మీదే బండి ఆపాడు. ఎవరూ చెప్పకుండానే దిగి ఏరంతా నడిచి చూశాడు. టైర్లలో గాలి తీశాడు. మెల్లగా దాటాడు. ముసలాయన కాళ్లు పట్టుకోవాలని పొద్దున్నుంచీ అనుకుంటూనే ఉన్నాడు.

క్వారీ వైపు గట్టున కర్ర పాతి ఉంది. దానికి ఆ రెండు గోనె సంచులూ కట్టి ఉన్నాయి. మనిషి లేడు.

“స్పీడ్ బ్రేకరా? మీ బండి దాటిన రోజే వెళ్లిపోయాడు,” అన్నాడు క్వారీ వాచ్‌మన్. “పాతికేళ్లు ఎండనక వాననక ఇక్కడే పడున్నాడు. ‘ఒక్క బండి దాటించాల్సింది బాకీ ఉండిపోయింది, ఇన్నాళ్లకి దాటింది’ అన్నాడు. ఎటు పోయాడో ఎవరికీ తెలీదు.”

“ఏ బండి?” అన్నాడు డ్రైవరు.

జవాబు వెనక సీట్లోంచి వచ్చింది.

“నాన్నను తీసుకెళ్లిన ఆ జీపులో నేనూ పక్కనే ఉన్నాను. మొన్న ఏట్లోనే నీకు చెబితే, ఆయన్ని చంపి బావను కూడా చంపుకునేవాడివని నోరు మూసుకున్నా,” అంది అక్క. “దిగి చూడమని మేమెంత మొత్తుకున్నా వినకుండా, సరిగ్గా నీలాగే రయ్యిన ఏట్లోకి తోలింది ఆయనేరా.”