మాస్టారి గొంతు

“కాదు మాస్టారూ, ఇదీ కాదు!” అంది రికార్డింగు అమ్మాయి, అద్దం అవతలి నుంచి.

మాట్లాడే నిఘంటువు పని అది. పదం, అర్థం చదివాక, ఉదాహరణను ఆ పదం చెప్పిన తీరులోనే పలకాలి. ‘కోపంగా’ అంటే కోపంగా, ‘బెంగగా’ అంటే బెంగగా. అన్నీ అవలీలగా చదివేసిన రిటైర్డు బడిపంతులు ‘నీతిబోధకంగా’ దగ్గర పొద్దుటి నుంచీ చతికిలబడ్డారు.

“అడగనివాళ్లకు కూడా మంచీచెడ్డా ఏకరువు పెట్టే ధోరణి మాస్టారూ. అర్థం మీరే చదివారు కదా! ఏదీ, మళ్లీ అనండి.”

“పొద్దెక్కేదాకా పడుకుంటే బతుకులో ఏం బాగుపడతావురా?” అన్నారాయన.

పసివాణ్ని జోకొడుతున్నట్టుంది. అమ్మాయి తల పట్టుకుంది.

“ఇన్నేళ్లు బడిలో చెప్పి, నీతులు చెప్పడం రాదంటే ఎవరైనా నమ్ముతారా? నిఘంటువంతా ఒకే గొంతు ఉండాలంటున్నారు పైవాళ్లు. ఇదొక్కటీ కుదరకపోతే మొత్తం ఇంకొకరితో చదివిస్తారట.”

మాస్టారి మొహం పాలిపోయింది.

“అంత పని చెయ్యొద్దనమ్మా. ఇక్కడికి రాకపోతే రోజంతా ఒక్కణ్నే ఆ ఇంట్లో కూర్చోవాలి.”

పాపం, ఆ మాటకి అమ్మాయి మనసు చివుక్కుమంది. “పోనీ, మీ ఇంట్లో ఇలాంటివి ఎలా అనేవారో గుర్తు తెచ్చుకోండి,” అంది మెల్లగా.

ఆయన మైకు దగ్గరికి జరిగి కూర్చున్నారు. తర్వాత ఉన్నట్టుండి గడ్డం పైకెత్తి, వేలు ఆడిస్తూ, ముక్కుతో సాగదీసి అందుకున్నారు.

“పొద్దెక్కేదాకా... పడుకుంటే... బతుకులో ఏం బాగుపడతావురా?”

“అబ్బ! అదరగొట్టేశారు!” అమ్మాయి కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. “ఇంతసేపూ ఎక్కడ దాచారండీ దీన్ని? ఇంక మిమ్మల్ని మార్చే ప్రసక్తే లేదు.”

“ఒకసారి వినిపిస్తావా?”

వినిపించింది. ఆయన కళ్లు మూసుకున్నారు.

“మళ్లీ.”

మళ్లీ వినిపించింది.

“ఇంకొక్కసారి, తల్లీ.”

“మీ గొంతుకి మీరే తెగ మురిసిపోతున్నారే!” అని నవ్వబోయి, ఆయన చెంపలు తడిసి ఉండడం చూసి ఆగిపోయింది.

“నా గొంతు కాదమ్మా. నన్ను వెక్కిరించడానికి మా అబ్బాయి అచ్చం ఇలాగే అనేవాడు. వాడు పోయాక మళ్లీ ఇవాళే వింటున్నాను.”